స్టేట్ ఆర్ అండ్ డీ టాక్స్ క్రెడిట్: అమెరికాలో చిన్న కంపెనీ నడిపే మనవాళ్ళు ఎలా క్లెయిమ్ చేయాలి

ఎడిసన్‌లో సొంత సాఫ్ట్‌వేర్ ప్రొడక్ట్ తయారుచేస్తున్నవాళ్ళు, న్యూజెర్సీలో జనరిక్ మందుల ల్యాబ్ పెట్టుకున్నవాళ్ళు, టెక్సస్‌లో ఆటోమేషన్ పరికరాలు చేస్తున్నవాళ్ళు, కాలిఫోర్నియాలో దోశ పిండి ప్యాకెట్లు అమ్ముతున్నవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. పరిశోధన ఖర్చు మీద ఫెడరల్ ప్రభుత్వం టాక్స్ క్రెడిట్ ఇస్తుందని మీ పన్ను లెక్కలు చూసే సీపీఏ ఎప్పుడో ఒకసారి చెప్పే ఉంటారు. అదే ఖర్చు మీద మీ రాష్ట్రం కూడా విడిగా ఇంకో క్రెడిట్ ఇస్తుండవచ్చు. ఆ సంగతి తెలిసేసరికి గడువు దాటిపోతుంటుంది.

డిడక్షన్ వేరు, క్రెడిట్ వేరు. డిడక్షన్ మీ ఆదాయాన్ని తగ్గిస్తుంది. క్రెడిట్ కట్టాల్సిన పన్నునే తగ్గిస్తుంది. 30,000 డాలర్ల క్రెడిట్ వస్తే రాష్ట్రానికి 30,000 డాలర్లు తక్కువ కడతారు. రాష్ట్ర పన్ను తగ్గితే ఫెడరల్‌లో చూపే రాష్ట్ర పన్ను డిడక్షన్ కూడా ఆ మేరకు తగ్గుతుంది కాబట్టి, 21 శాతం రేటున్న సీ-కార్ప్‌కు (తన లాభం మీద తానే పన్ను కట్టే కార్పొరేషన్‌కు) డాలరుకు దాదాపు 79 సెంట్లు మిగులుతాయి. చిన్న కంపెనీకి అదీ పెద్ద డబ్బే.

ఈ క్రెడిట్ రెండు విషయాల మీద నిలబడుతుంది. ఒకటి, పని ఏ రాష్ట్రంలో కూర్చుని చేశారు. రెండు, చేస్తున్న రోజుల్లోనే దాన్ని రాసిపెట్టుకున్నారా. మిగతా లెక్కలు సీపీఏ చూసుకుంటారు. ఈ రెండూ మాత్రం మీ చేతిలోనే ఉంటాయి.

1. మీరు చేసేది చట్టం దృష్టిలో పరిశోధనేనా చూసుకోండి

ఫెడరల్ క్రెడిట్ 1981లో వచ్చింది. 2015 డిసెంబరులో శాశ్వతమైంది. క్రెడిట్ ఇచ్చే రాష్ట్రాల్లో ఎక్కువ భాగం పరిశోధన అంటే ఏమిటన్నది ఫెడరల్ చట్టంలోని సెక్షన్ 41 నుంచే తీసుకున్నాయి. అందుకే ముందు ఆ పరీక్ష దాటాలి.

అందులో నాలుగు ప్రశ్నలుంటాయి. కొత్త ఉత్పత్తి కోసమో, ఉన్నదాని పనితీరు, నాణ్యత, నమ్మకం పెంచడం కోసమో పని చేస్తున్నారా? ఆ పనికి ఆధారం ఇంజినీరింగ్, కంప్యూటర్ సైన్స్, రసాయనం, జీవశాస్త్రం లాంటి శాస్త్రమేనా? మొదలుపెట్టినప్పుడు అది సాధ్యమా, ఏ పద్ధతిలో సాధ్యం, డిజైన్ ఎలా ఉండాలి అన్నవాటిలో ఏదైనా తేలకుండా ఉందా? ఆ సందేహం తీర్చుకోవడానికి రకరకాల దారులు పరీక్షించి చూశారా? నాలుగింటికీ అవునని చెప్పగలగాలి.

దోశ పిండి సంగతే తీసుకోండి. ప్రిజర్వేటివ్ వేయకుండా పిండి ఫ్రిజ్‌లో ఇంకో వారం నిలవాలి. అందుకు పులియబెట్టే ఉష్ణోగ్రత మార్చి చూశారు, ఆమ్లత కొలిచారు, రెండు మూడు రకాల ప్యాకింగ్ ఫిల్మ్‌లు వాడి ఏది ఉబ్బకుండా ఉంటుందో పరీక్షించారు. ఇది పరిశోధనే అవుతుంది. అదే పిండికి కొత్త లేబుల్ డిజైన్ చేయించడం, ఏ రుచి ఎక్కువమందికి నచ్చుతుందో సర్వే చేయడం మాత్రం కాదు. జనరిక్ మందుల ల్యాబ్‌లో మాత్ర కరిగే తీరు అసలు మందుతో సరిపోయేలా ఫార్ములేషన్ మార్చి మార్చి చూడటం పరిశోధనే. ప్రొడక్షన్ మొదలయ్యాక చేసే మామూలు నాణ్యత తనిఖీ కాదు. సాఫ్ట్‌వేర్‌లోనూ అంతే. మామూలు బగ్ ఫిక్స్‌లు, స్క్రీన్ రంగుల మార్పులు, వేరే కంపెనీ సాఫ్ట్‌వేర్ తెచ్చి సెట్టింగ్‌లు సరిచేసి పెట్టడం లెక్కలోకి రావు. మీ కంపెనీ లోపలి పనులకే వాడుకునే సాఫ్ట్‌వేర్‌కు ఇంకా కఠినమైన పరీక్షలున్నాయి. కస్టమర్‌కు అమ్మే ప్రొడక్ట్‌తోనే మొదలుపెట్టండి.

2. ఎవరి డబ్బుతో, ఎవరి రిస్క్‌తో చేశారు?

మన ఐటీ కంపెనీలు బోల్తాపడేది ఎక్కువగా ఇక్కడే. పది, ఇరవై మంది కన్సల్టెంట్లను క్లయింట్ దగ్గర పెట్టి, గంటల లెక్కన బిల్లు వేసే కంపెనీ మీదనుకోండి. మీ మనిషి అక్కడ ఎంత గొప్ప కోడ్ రాసినా ఆ జీతం మీద మీకు క్రెడిట్ రాదు. పని ఫలించినా ఫలించకపోయినా క్లయింట్ గంటలకు డబ్బు కడతాడు. అంటే రిస్క్ అతనిది. కోడ్ మీద హక్కులూ సాధారణంగా అతనివే. చట్టం దీన్ని ఇతరుల నిధులతో చేసిన పరిశోధనగా చూసి పక్కన పెడుతుంది.

ఫిక్స్‌డ్ ప్రైస్ కాంట్రాక్టు అయితే కథ మారవచ్చు. పని క్లయింట్ అంగీకరిస్తేనే డబ్బు వస్తుందా, తయారైన టెక్నాలజీని మీరు మళ్ళీ వాడుకునే హక్కు మీకు మిగులుతుందా, ఈ రెండూ కాంట్రాక్టులో చూడండి. రిస్క్ ఎవరిదన్న ప్రశ్నను ఫెయిర్‌చైల్డ్ ఇండస్ట్రీస్ కేసు, హక్కుల ప్రశ్నను లాక్‌హీడ్ మార్టిన్ కేసు తేల్చాయి. ఇప్పటికీ కాంట్రాక్టులను చదివేది ఆ వెలుగులోనే. కాబట్టి కొత్త కాంట్రాక్టు సంతకం చేయకముందే, పేమెంట్ షరతులు, మేధోసంపత్తి హక్కులు రాసిన పేరాలు మీ లాయర్‌తో ఒకసారి చదివించండి. సంతకమయ్యాక వాటిని మార్చడం కుదరని పని.

ఇలా క్లయింట్లకు మనుషులనిచ్చే స్టాఫింగ్ వ్యాపారం పక్కన సొంత ప్రొడక్ట్ ఒకటి చిన్నగా మొదలుపెట్టినవాళ్ళూ చాలామంది ఉన్నారు. మీరూ అలాగే అయితే ఆ ప్రొడక్ట్ టీమ్ ఖర్చులకు అకౌంటింగ్‌లో మొదటి రోజు నుంచే వేరే కోడ్ పెట్టండి. తర్వాత విడదీయడం నరకం.

3. పని జరిగిన చోటు తేల్చండి

స్టేట్ క్రెడిట్‌లో అసలు మాట ఇదే. ఫెడరల్ క్రెడిట్‌కు పని అమెరికాలో ఎక్కడ జరిగినా చాలు. రాష్ట్రానికి మాత్రం తన సరిహద్దు లోపల జరిగిన పనే కావాలి. కంపెనీ ఎక్కడ రిజిస్టరైంది, హెడ్డాఫీసు ఎక్కడుంది అన్నది ముఖ్యం కాదు. ఆ ఇంజినీరు ఆ రోజు ఎక్కడ కూర్చుని పని చేశాడన్నదే చూస్తారు.

హైదరాబాద్‌లోనో విశాఖలోనో మీకు డెవలప్‌మెంట్ టీమ్ ఉంటే, ఆ జీతాలకు ఫెడరల్ క్రెడిట్ లేదు, స్టేట్ క్రెడిట్ లేదు. అంతేకాదు, విదేశాల్లో జరిగిన పరిశోధన ఖర్చును ఫెడరల్ పన్నులో ఒకేసారి తీసేసుకోవడానికి లేదు, 15 ఏళ్ళకు పంచాలి. అమెరికాలో జరిగిన పరిశోధన ఖర్చును మాత్రం 2025లో మొదలైన పన్ను సంవత్సరాల నుంచి మళ్ళీ అదే ఏడాది తీసేసుకోవచ్చు. 2025 జులైలో వచ్చిన చట్టం ఈ వెసులుబాటు తిరిగి ఇచ్చింది. ఇండియా టీమ్ చవకని మనం వేసుకునే లెక్కలో ఈ రెండూ కలపకపోతే ఆ లెక్క పూర్తి కానట్టే. ఆ టీమ్‌ను మూసేయమని కాదు నా ఉద్దేశం. ఏ పని అక్కడ, ఏ పని ఇక్కడ అని నిర్ణయించేటప్పుడు, తేలని సాంకేతిక సమస్యలున్న పనిని ఇక్కడి మనుషులకివ్వడం వల్ల వచ్చే పన్ను లాభాన్ని కూడా లెక్కలో వేసుకోండి.

రిమోట్ ఉద్యోగుల విషయమూ ఇంతే. మీ కంపెనీ న్యూజెర్సీలో ఉండి, సీనియర్ ఆర్కిటెక్ట్ నార్త్ కరోలినాలో ఇంటి నుంచి పని చేస్తుంటే, ఆయన జీతం న్యూజెర్సీ లెక్కలోకి రాదు. నార్త్ కరోలినా తన క్రెడిట్‌ను 2016 నుంచి ఆపేసింది కాబట్టి అక్కడా రాదు. ఒక్క ఫెడరల్‌లోనే వస్తుంది. ఏడాది మధ్యలో రాష్ట్రం మారిన ఉద్యోగి ఉంటే తేదీల వారీగా విడదీయాలి. పేరోల్‌లో స్టేట్ విత్‌హోల్డింగ్ ఏ రాష్ట్రానికి వెళ్ళిందో అది పని జరిగిన చోటుతో సరిపోతోందో లేదో ముందే సరిచూసుకోండి. అక్కడ ఒక మాట, క్లెయిమ్‌లో ఇంకో మాట ఉంటే ఆడిటర్ మొదటి ప్రశ్న దాని మీదే వేస్తాడు.

4. లెక్కలోకి వచ్చే ఖర్చులు తీయండి

ఇందులో పెద్ద భాగం జీతాలు. ఉద్యోగి ఏడాది జీతం చూపే డబ్ల్యూ-2 ఫారం బాక్స్ 1లో చూపిన జీతంలో, పరిశోధన మీద గడిపిన సమయానికి తగ్గ భాగం తీసుకుంటారు. స్వయంగా చేసినవాళ్ళతో పాటు, వాళ్ళను నేరుగా పర్యవేక్షించినవాళ్ళు, నేరుగా సాయం చేసినవాళ్ళు కూడా వస్తారు. ఒక మనిషి సమయంలో 80 శాతం లేదా అంతకంటే ఎక్కువ అర్హమైన పనికే పోతే మొత్తం జీతం లెక్కించవచ్చు. ఉద్యోగి హెచ్-1బీ మీద ఉన్నాడా, గ్రీన్‌కార్డు ఉందా అన్నది దీనికి సంబంధం లేదు. ఎస్-కార్ప్ (లాభం మీద పన్ను వాటాదారులు కట్టే కార్పొరేషన్) యజమాని తనకు తాను జీతం తక్కువ ఇచ్చుకుని మిగతాది డిస్ట్రిబ్యూషన్‌గా తీసుకుంటే, ఆ డిస్ట్రిబ్యూషన్ జీతం కాదు కాబట్టి క్రెడిట్‌లోకి రాదు.

పరీక్షల్లో ఖర్చైపోయిన సామగ్రి, డెవలప్‌మెంట్, టెస్టింగ్ కోసం కట్టిన క్లౌడ్ అద్దె కూడా వస్తాయి. క్లౌడ్ బిల్లులో కస్టమర్లు వాడే ప్రొడక్షన్ సర్వర్ల భాగం తీసేయాలి. బయటి కాంట్రాక్టర్లకు ఇచ్చినదాంట్లో సాధారణంగా 65 శాతమే లెక్క. దానికీ షరతులున్నాయి. పనికి ముందే ఒప్పందం ఉండాలి, ఫలితం రాకపోయినా మీరు డబ్బు కట్టాల్సి ఉండాలి, ఫలితం మీద మీకు హక్కుండాలి. యంత్రాలు, భవనాలు, అద్దె, ప్రయాణాలు ఈ లెక్కలోకి రావు.

5. మీ రాష్ట్రం ఏమిస్తుందో చూసి లెక్క వేయండి

ఒక్కో రాష్ట్రానిది ఒక్కో తీరు. మనవాళ్ళు ఎక్కువగా ఉన్న కొన్నింటిని చూద్దాం.

టెక్సస్‌లో ఆదాయపు పన్ను లేదు. అక్కడ క్రెడిట్ ఫ్రాంచైజ్ టాక్స్ (వ్యాపారాల మీద రాష్ట్రం వేసే పన్ను) మీద ఇస్తారు. ఇంతకుముందు రేటు 5 శాతం. 2025లో చేసిన చట్టంతో 2026 నుంచి అది 8.722 శాతానికి పెరిగింది. పరిశోధన సామగ్రి మీద ఉండే సేల్స్ టాక్స్ మినహాయింపును మాత్రం తీసేశారు. లెక్క ఎలా వేస్తారో ఒక ఉదాహరణ చూడండి. మీ కంపెనీకి టెక్సస్‌లో అర్హమైన ఖర్చు 2022లో 2 లక్షలు, 2023లో 3 లక్షలు, 2024లో 4 లక్షలు, 2025లో 5 లక్షల డాలర్లు అనుకుందాం. ముందు మూడేళ్ళ సగటు 3 లక్షలు. అందులో సగం లక్షన్నర. 2025 ఖర్చులోంచి అది తీసేస్తే మూడున్నర లక్షలు మిగిలింది. దాని మీద 8.722 శాతం అంటే 30,527 డాలర్లు. 2025 ఖర్చు 2026 ఫ్రాంచైజ్ రిపోర్టులోకి వెళ్తుంది. ఒక ఏడాది వాడే క్రెడిట్ ఆ ఏడాది కట్టాల్సిన ఫ్రాంచైజ్ టాక్స్‌లో సగం దాటకూడదు. మిగిలింది 20 ఏళ్ళ దాకా ముందుకు తీసుకుపోవచ్చు.

ఖర్చు ఏటా పెరుగుతుంటేనే క్రెడిట్ బాగా వస్తుందని దీన్నిబట్టి అర్థమైపోతుంది. చాలా రాష్ట్రాలు ఏదో ఒక పాత సగటు మీద పెరుగుదలనే చూస్తాయి. అందుకే పాత ఏళ్ళ లెక్కలు కూడా అంతే జాగ్రత్తగా, ఒకే పద్ధతిలో ఉండాలి.

కాలిఫోర్నియా రేటు 15 శాతం. అయితే అక్కడ పాత పద్ధతిలో బేస్ (పెరుగుదల కొలవడానికి పోల్చే ఖర్చు) లెక్క చిన్న కంపెనీలకు చాలా చికాకు. 2025 నుంచి సరళమైన పద్ధతి కూడా ఇచ్చారు, రేటు 3 శాతం. రెండు పద్ధతుల్లోనూ వేయించి చూడండి. వాడని క్రెడిట్‌కు గడువు లేదు, ఎన్నేళ్ళయినా ఉంటుంది. ఎస్-కార్ప్ అయితే కంపెనీ స్థాయిలో మూడో వంతే వాడుకోగలదు, వాటాదారులకు మాత్రం వాళ్ళ వ్యక్తిగత పన్నులో వాటా మేరకు వెళ్తుంది. క్లెయిమ్ చేసే ఫారం ఎఫ్‌టీబీ 3523.

న్యూజెర్సీ పెరిగిన ఖర్చు మీద 10 శాతం ఇస్తుంది, ఫారం 306. ఇది కార్పొరేషన్ బిజినెస్ టాక్స్ మీద ఇచ్చే క్రెడిట్. ఇంకా లాభాల్లోకి రాని టెక్, బయోటెక్ కంపెనీలకు ఈ రాష్ట్రంలో మంచి దారి ఒకటుంది. వాడుకోలేని క్రెడిట్లను, నష్టాలను లాభాల్లో ఉన్న వేరే కార్పొరేషన్‌కు విలువలో కనీసం 80 శాతానికి అమ్ముకోవచ్చు. న్యూజెర్సీ ఎకనామిక్ డెవలప్‌మెంట్ అథారిటీ ఈ కార్యక్రమం నడుపుతుంది. అమెరికాలో 225 మంది కంటే తక్కువ ఉద్యోగులుండాలి. దరఖాస్తు గడువు జూన్ 30. నాకు తెలిసి స్టార్టప్‌కు చేతిలో నగదు తెచ్చిపెట్టే విషయంలో ఇంత ఉపయోగపడే స్టేట్ పథకాలు తక్కువ. న్యూజెర్సీలో ప్రొడక్ట్ కంపెనీ పెట్టేవాళ్ళు ఎల్‌ఎల్‌సీ పెట్టాలా, సీ-కార్ప్ పెట్టాలా అని ఆలోచించేటప్పుడు దీన్ని తప్పకుండా చూడాలి.

పెన్సిల్వేనియాలో రిటర్న్‌లో చూపిస్తే చాలదు, ముందు డిసెంబరు 1లోగా దరఖాస్తు పెట్టాలి. రాష్ట్రం మొత్తానికి ఏటా 6 కోట్ల డాలర్లే ఇస్తారు. దరఖాస్తులు ఎక్కువైతే అందరికీ కోత పడుతుంది. ఆస్తులు 50 లక్షల డాలర్ల లోపున్న చిన్న కంపెనీకి రేటు 20 శాతం, పైగా 1 కోటి 20 లక్షల డాలర్లు వాళ్ళ కోసమే పక్కన పెట్టారు. అనుమతి తీసుకుని ఈ క్రెడిట్‌ను అమ్ముకోవచ్చు కూడా.

అరిజోనాలో 150 మంది లోపు ఉద్యోగులున్న కంపెనీకి మిగిలిన క్రెడిట్‌లో 75 శాతం నగదుగా వాపసు వచ్చే వీలుంది. దానికి ఏటా 50 లక్షల డాలర్ల పరిమితి, ముందు వచ్చినవాళ్ళకు ముందు. జనవరిలో దరఖాస్తులు తెరిచే రోజుకే కాగితాలు సిద్ధంగా పెట్టుకోవాలి. మిషిగన్ 2025 నుంచి కొత్త క్రెడిట్ మొదలుపెట్టింది. 250 మంది లోపు ఉద్యోగులున్న కంపెనీకి పెరిగిన ఖర్చు మీద 15 శాతం, ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా. పన్ను కంటే ఎక్కువైతే వాపసు ఇస్తారు. అయితే రిటర్న్‌కు ముందే తాత్కాలిక క్లెయిమ్ ఒకటి వేయాలి. 2025 ఖర్చుకు దాని గడువు 2026 ఏప్రిల్ 1, ఆ తర్వాతి ఏళ్ళకు మార్చి 15. జార్జియాలో ఆదాయపు పన్ను మీద వాడగా మిగిలిన క్రెడిట్‌ను ఉద్యోగుల పేరోల్ విత్‌హోల్డింగ్ మీద సర్దుకోవచ్చు. లాభాల్లేని కంపెనీకి అది పెద్ద ఊరట. వాషింగ్టన్‌లో, అంటే సియాటెల్ వైపు ఉన్నవాళ్ళకు, బీ అండ్ ఓ టాక్స్ (అక్కడి వ్యాపార పన్ను) మీద ఉండే పాత క్రెడిట్ 2015 జనవరి నుంచే లేదు.

ఈ రేట్లు శాసనసభలు మారుస్తూ ఉంటాయి. ఫైల్ చేసే ఏడాది ఫారం సూచనలు రాష్ట్ర పన్ను శాఖ సైట్ నుంచే తీసుకుని చూడండి. ఎవరో ఫార్వర్డ్ చేసిన పాత పట్టిక మీద ఆధారపడకండి.

6. రికార్డు ఇప్పుడే రాసిపెట్టండి

సీమర్ మిల్లింగ్ అనే పిండి మిల్లు కంపెనీ 2019లో టాక్స్ కోర్టులో ఓడిపోయింది. అంతకంతకూ మెరుగుపరిచే ప్రయత్నాలు చేశామని కంపెనీ వాదించింది. కానీ ఏ సందేహంతో మొదలుపెట్టారు, ఏయే మార్గాలు పరీక్షించారు అని చూపించే రికార్డు సరిపడా లేదని కోర్టు తేల్చింది. లిటిల్ శాండీ కోల్ అనే కంపెనీ కూడా 2023లో అప్పీలు కోర్టులో నిలవలేదు. పనిలో 80 శాతం ప్రయోగాల ప్రక్రియ అని అంకెలతో నిరూపించలేకపోయారు. పరిశోధన చేశామన్నది ఒకటే సరిపోదని ఈ రెండు తీర్పులూ గట్టిగా చెబుతున్నాయి.

అందుకని ప్రతి ప్రాజెక్టుకు ఒక పేజీ పెట్టండి. ఏం చేయాలనుకున్నాం, మొదట్లో ఏది తెలియలేదు, ఏయే దారులు ప్రయత్నించాం, ఏది పనిచేయలేదు, ఎందుకు, ఎవరెవరు చేశారు, ఎక్కడి నుంచి. మూడు నెలలకోసారి రాస్తే చాలు. దాని కింద జిరా టికెట్లు, గిట్ కమిట్లు, టెస్ట్ రిపోర్టులు, ల్యాబ్ నోట్‌బుక్ పేజీలు జతచేయండి. విఫలమైన ప్రయోగాల కాగితాలు పారేయకండి. ప్రయోగం జరిగిందని చూపించడానికి వాటికంటే మంచి సాక్ష్యం ఉండదు. టైమ్‌షీట్లు లేకపోతే కనీసం నెలకోసారి ఒక్కో మనిషి ఏ ప్రాజెక్టు మీద ఎంత శాతం సమయం పెట్టాడో మేనేజర్‌తో రాయించి సంతకం పెట్టించండి. ఏడాది చివర కూర్చుని గుర్తుకు తెచ్చుకుని వేసే అంకెలు ఆడిట్‌లో నిలవడం కష్టం.

7. ఫైల్ చేసే వరుస

మొదట ఫెడరల్ ఫారం 6765 లెక్క పూర్తి చేయించండి. దానిలోంచి మీ రాష్ట్రంలో జరిగిన భాగం విడదీయండి. రెండు మూడు రాష్ట్రాల్లో మనుషులుంటే ఒక్కో రాష్ట్రానికి వేరే షీట్. అన్ని షీట్ల మొత్తం ఫెడరల్ అంకెను దాటకూడదు. ముందస్తు దరఖాస్తు అడిగే రాష్ట్రమైతే ఆ తేదీలు ఏడాది మొదట్లోనే క్యాలెండర్‌లో పెట్టండి. రిటర్న్ ఎక్స్‌టెన్షన్ తీసుకున్నాం కదా అని ఇవి ఆగవు.

స్టార్టప్ అయితే ఫెడరల్‌లో ఇంకో వెసులుబాటు ఉంది. ఏడాది ఆదాయం 50 లక్షల డాలర్ల లోపు ఉండి, ఆదాయం మొదలై అయిదేళ్ళు దాటకపోతే, ఫెడరల్ క్రెడిట్‌లో ఏడాదికి 5 లక్షల డాలర్ల దాకా పేరోల్ టాక్స్ మీద సర్దుకోవచ్చు. దాన్ని ఎంచుకోవాల్సింది గడువులో వేసిన అసలు రిటర్న్‌లోనే. అమెండ్ చేసి అడిగితే ఇవ్వరు.

మీకు ఇంత క్రెడిట్ వస్తుంది, వచ్చినదాంట్లో మాకు ఇంత శాతం ఇవ్వండి అని ఫోన్ చేసే కన్సల్టెంట్లు ఉంటారు. పని తీరు చూడకుండా, ఇంజినీర్లతో మాట్లాడకుండా ముందే అంకె చెప్పేవాళ్ళకు దూరంగా ఉండండి. ఆడిట్ వస్తే ఎవరు వచ్చి నిలబడతారు, దానికి విడిగా ఫీజు ఉందా, అన్ని వర్క్ పేపర్లూ మనకిస్తారా అని రాతపూర్వకంగా అడగండి. రిటర్న్ మీద సంతకం మీది, జరిమానా కట్టాల్సిందీ మీరే.

కాగితాలు ఎన్నాళ్ళు దాచాలన్నది చివరి ప్రశ్న. మామూలుగా మనం చెప్పుకునే మూడు, నాలుగేళ్ళ లెక్క ఇక్కడ చాలదు. 2025లో సంపాదించిన కాలిఫోర్నియా క్రెడిట్‌ను 2034లో వాడారనుకోండి. 2034 రిటర్న్‌ను పరిశీలించే అధికారి ఆ క్రెడిట్ పుట్టిన 2025 కాగితాలు అడగవచ్చు. కాబట్టి క్రెడిట్‌లో చివరి డాలరు వాడిన ఏడాది రిటర్న్‌కు ఆడిట్ గడువు తీరేదాకా ప్రాజెక్టు పేజీలు, పేరోల్ రికార్డులు, కాంట్రాక్టులు అన్నీ ఒకేచోట ఉంచండి. ఉద్యోగం మానేసినవాళ్ళ ఈమెయిల్ అకౌంట్లు, పాత రిపాజిటరీలు తొలగించే ముందు అందులోంచి కావలసినవి తీసి భద్రం చేయండి.